పదవి వచ్చిన పిదప ప్రజాభిమానము తగ్గుటేల?

నంగలి ఎల్లలోని ఊరు. ములబాగలు దాటి తూర్పునకు సాగు బండ్లు ఇచ్చట కర్ణాటకమును విడిచి పలమనేరు, చిత్తూరుల దారిని ఆంధ్రదేశమున ప్రవేశించును. హొయసల రాజైన విష్ణువర్ధనుడు తాను గెలిచిన స్థలములను బిరుదులుగా ధరించినపుడు తలకాడు, కొంగు, నొళంబవాడి మొదలగు వానితోపాటు నంగలిని కూడ చేర్చుకొనెను. నాటికిని నేటికిని ఈ ఊరు రెండు రాజ్యముల ముఖములను చూచుచునే యున్నది. సంతలో తెలుగు, కచ్చేరిలో కన్నడము, కొన్ని ఇండ్లలో మార్వాడీ, గుజరాతీ. ఇట్టిచోట అంగడి పెట్టుకొనినవాడు గల్లాపెట్టె ముందునుండి కదలకయే రెండు ప్రభుత్వముల మంచిచెడ్డలను వినగలడు. సరుకు కొనవచ్చినవాడు పావుసేరు మాట సరుకును గూర్చి చెప్పి, ముప్పావుసేరు మాట ప్రభుత్వమును గూర్చి చెప్పును.

పదుమూడు నెలల వ్యవధిలో ఈ ఎల్లకు రెండు వైపులను రెండు ప్రభుత్వములు కూలెను. 2023 మే నెలలో కర్ణాటకమున జరిగిన ఎన్నికలలో అధికారమునందున్న భారతీయ జనతా పక్షమునకు 224 స్థానములలో 66 మాత్రమే మిగిలి, కాంగ్రెసునకు 135 వచ్చెను. 2024 జూనులో వెలువడిన ఆంధ్రప్రదేశ్ ఫలితములలో, ఐదేండ్లకు పూర్వము 175కు 151 స్థానములు గెలిచిన వై.యస్.ఆర్. కాంగ్రెసు 11 స్థానములకు దిగిపోయెను. ఆ 2019లోనే అంతవరకు పాలించిన తెలుగుదేశము 23 స్థానములకు దిగెను. కర్ణాటకమున 1985 తరువాత అధికారమునందున్న ఏ పక్షమును ఎన్నికలలో నెగ్గి వెంటనే తిరిగి గద్దె నెక్కలేదు. పక్షము పేరు మారుచున్నది, కథ మారుటలేదు. కావున ఇది ఒక మనిషి దోషమో, ఒక పక్షము దోషమో అని చెప్పి ఊరకుండుటకు వీలులేదు.

ప్రజలే ఏరికోరి ఎన్నుకొనిన నాయకుడు పదవిలో కూర్చుండియుండగనే ఆ ప్రజలకు ఏల అప్రియుడగుచున్నాడు? పూలదండ వేసిన చేయి రెండేండ్లు తిరుగకుండగనే వ్రేలెత్తి ఏల చూపుచున్నది? దోషము దండ వేయించుకొనినవానిదా, వేసినవానిదా?

దీనికి వీథిలో దొరకు సమాధానము సులభమైనది: నాయకులందరు స్వార్థపరులు, తినువారు, మాట తప్పువారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. పదవిని సంపాదనకు మార్గముగా చేసికొనినవారిని ప్రజలు ద్వేషించుటలో వింత ఏమియు లేదు. కాని ఈ సమాధానమే సంపూర్ణమైనచో, నిష్కళంకుడైన నాయకుని ప్రజలు విడువరాదు. చరిత్ర అట్లు చెప్పుటలేదు.

టంగుటూరి ప్రకాశము పంతులుగారి సంగతి చూడుడు. 1928లో చెన్నపట్టణమున సైమన్ కమిషన్ బహిష్కారమునాడు తుపాకుల కెదురుగా ఱొమ్ము చూపిన మహనీయుడాయన. బారిస్టరుగా గడించినదంతయు ప్రజాసేవలో ఖర్చుచేసి వట్టిచేతులతో మిగిలెను. 1946లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రియై సంవత్సరము తిరుగకుండగనే స్వపక్షమువారిచేతనే తొలగింపబడెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు మొదటి ముఖ్యమంత్రి ఆయనయే. 1954 నవంబరు 6న ఆయన ప్రభుత్వము శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. వివాదము మద్యనిషేధమును గూర్చినది. నిషేధమును ఎత్తివేయవలెనను సూచనను ఆయన ప్రభుత్వము అంగీకరింపలేదు. మద్యమును పాపహేతువుగా నెంచు జైన గృహస్థులకు ఆయన పక్షము ధర్మముగానే తోచును. కాని తాటిచెట్టే బ్రతుకుగా గల గీత కార్మికునకు ఆ చట్టమువలన కూడు పోయెను, కేసులు వచ్చెను. అతని కన్నీరును కన్నీరే. ధనమునకు ఆశపడనివాడు, ధర్మమని నమ్మినదానికై నిలిచినవాడు పడిపోయినపుడు, అవినీతి యొక్కటే కారణమనుట కుదురదు.

పరదేశముల సంగతియు ఇంతే. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండును నిలబెట్టిన చర్చిల్ 1945 మే నెలలో జర్మనీ లొంగిపోగా వీథులలో జయజయధ్వానములు విని, జూలై 26న ఎన్నికలలో ఓడిపోయెను. అమెరికా అధ్యక్షుడైన ట్రూమన్‌ను 1945లో నూటికి 87 మంది మెచ్చుకొనిరి. 1952 నాటికి మెచ్చువారు నూటికి 22 మంది. అదే ట్రూమన్‌ను తరువాతి చరిత్రకారులు ఆ దేశపు సమర్థులైన అధ్యక్షులలో నొకనిగా లెక్కించుచున్నారు. మనిషి ఒక్కడే, కాలమునుబట్టి వెల మారినది.

దీని మర్మమును వర్తకులు ఎవరికన్నను సులభముగా గ్రహింపగలరు. ఎన్నికలు సరుకు చూపకయే బజానా పుచ్చుకొను బేరము వంటివి. నాయకుడు నిలబడినపుడు అతనియందు ఒక్కొక్కడు తన కోరికను చూచుకొనును. రైతు అతనిలో గిట్టుబాటు ధరను చూచును. కొనువాడు చవుక కూరగాయలను చూచును. అంగడివాడు తక్కువ పన్నును చూచును. ఉద్యోగి హెచ్చు జీతమును చూచును. నాయకుడు ఎవ్వరికిని కాదనడు. ఓటు పడువరకు ఈ కోరికలన్నియు ఒకే సంచిలో సుఖముగా నిద్రించుచుండును. పదవి వచ్చిన మరునాడు సంచి విప్పవలసి వచ్చును. అప్పుడు కోరికలు ఒకదానితో నొకటి పోట్లాడుకొనును. ఏ నిర్ణయము చేసినను కొందరి ముఖము వాడును.

జాన్ ముల్లర్ అను అమెరికా పండితుడు 1970లో తమ అధ్యక్షుల జనాదరణను లెక్కలు కట్టి, పదవీకాలము గడచుకొలది అది క్రమముగా తగ్గుచుండుటను చూపెను. ఆయన చెప్పిన కారణములలో నొకటి ఇది: ప్రతి నిర్ణయమును ఒక చిన్న వర్గమును నొప్పించును, ఒక్కొక్కటి చిన్నదే యైనను, నొచ్చిన వర్గములన్నియు కలసి తుదకు పెద్ద సంఖ్య యగును. మేలు పొందినవాడు ఆ మేలును తన హక్కుగా నెంచి మరచును, నొచ్చినవాడు మరువడు. ఇది అంగడిలో నిత్యము జరుగునదే. పదేండ్లు సరియైన తూకము తూచిన వర్తకుని ఎవ్వరును వీథిలో పొగడరు; ఒక్కనాడు తక్కువ తూగినచో ఊరంతయు చెప్పుకొందురు.

కోలారు జిల్లాలో ఇందుకు నిదర్శనములు వెదుకనక్కరలేదు. ఈ సీమకు సంవత్సరము పొడుగున పారు నది లేదు. పూర్వులు త్రవ్వించిన చెరువులే ఆధారము. చెరువులెండి, బోరుబావులు వందలాది అడుగుల లోతునకు పోయినవి. 2018లో బెంగళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి గొట్టములద్వారా ఈ జిల్లా చెరువులకు తెచ్చిరి. ఎండిన చెరువు నిండెనని, బావిలో ఊట పెరిగెనని సంతోషించినవారు కలరు. ఆ శుద్ధి చాలదు, పంటకును పశువులకును కీడని భయపడినవారును కలరు. ఇరువురును అసత్యమాడుటలేదు. నీరు తేనిచో నాయకునకు నింద. తెచ్చినను నింద తప్పలేదు.

టొమాటో సంగతి మరియు విచిత్రము. కోలారు మార్కెట్టు టొమాటో వ్యాపారమునకు దేశమంతట పేరుపొందినది. 2023 జూలైలో కిలో వెల నూరు రూపాయలు దాటినపుడు పట్టణములలోని గృహిణులు ప్రభుత్వమును తిట్టిరి. కొలది వారములలో వెల కూలినపుడు రైతులు తిట్టిరి. వాన కురియకుండుటయు, తెగులు సోకుటయు, పంట ఒక్కసారిగా వచ్చిపడుటయు ఏ మంత్రి చేతిలోను లేవు. కాని గద్దెమీద కూర్చున్నవాడు వానకును ఎండకును కూడ బాధ్యుడగును. మంచి పంట పండినపుడు అది తన ప్రజ్ఞయేనని చెప్పుకొనినవాడు, పంట పోయినపుడు అది దైవాధీనమని చెప్పినచో ఎవరు నమ్ముదురు? కీర్తిని అన్యాయముగా పుచ్చుకొనినవానికి అపకీర్తియు అన్యాయముగానే వచ్చును. ఇందులో ఒక విధమైన న్యాయము కలదు.

ఇంతవరకు చెప్పినవి పదవితో పుట్టు కష్టములు. ఎంతటి సజ్జనునకైనను ఇవి తప్పవు. ఇక నాయకుడు తనంతట తాను తెచ్చుకొను కష్టము వేరొకటి కలదు. దానికి జినశాసనమున పేరు మానము. క్రోధము, మానము, మాయ, లోభము అను నాలుగు కషాయములలో పదవియందున్నవానిని తెలియకుండ పట్టునది మానమే. లోభి తాను లోభినని ఎఱుగును. మాయావి తన మాయను ఎఱిగియే చేయును. మానము పట్టినవాడు మాత్రము తాను వినయవంతుడననియే తలచుచుండును.

బాహుబలి కథ ఎఱుగని జైన గృహము లేదు. అన్నయగు భరత చక్రవర్తిని ద్వంద్వయుద్ధమున గెలిచి, గెలిచిన క్షణముననే రాజ్యమును విడిచి, తీగలు పాకి పుట్టలు పెరుగునంత కాలము కదలక నిలిచెను. రాజ్యము పోయెను, దేహముపై మమకారము పోయెను, కాని జ్ఞానము కలుగలేదు. తాను నిలిచియున్న నేల భరతునిదను శల్యము మనస్సున మిగిలియుండెనని దిగంబర సంప్రదాయము. తనకన్న ముందు దీక్షగొనిన తమ్ములకు మ్రొక్కవలసి వచ్చునను సంకోచముండెనని శ్వేతాంబర సంప్రదాయము. ఆ సంప్రదాయము ప్రకారము చెల్లెండ్రగు బ్రాహ్మీ సుందరులు వచ్చి, అన్నా, ఏనుగు దిగుమని చెప్పిరి. అడవిలో నిలిచిన దిగంబరునకు ఏనుగెక్కడిది? ఆ యేనుగు మానమని తెలిసి, తమ్ములకు మ్రొక్కుటకై పాదమెత్తినంతనే ఆయనకు కేవలజ్ఞానము కలిగెను.

సర్వము త్యజించిన బాహుబలికే ఏనుగు తప్పలేదు. కారును, కాపలావారును, కైవారము చేయువారును గల నాయకునకు తప్పునా? ఎన్నికలకు ముందు అతడు ఊరూర నడచి, అరుగుమీద కూర్చుండి, ముసలమ్మ చేతి మజ్జిగ త్రాగెను. గెలిచిన పిదప మజ్జిగ త్రాగుటకు తీరికలేదు. మొదట కార్యదర్శి, అతనివెనుక అనుచరుడు, అతనివెనుక కాంట్రాక్టరు. ఒక్కొక్కరు ఒక్కొక్క గోడ. గోడల లోపలికి వచ్చు మాటలన్నియు తీయనివే. చేదు మాట తెచ్చువానికి ద్వారము మూయబడును. ఐదవయేట ప్రజల తీర్పు వెలువడినపుడు అతడు నిజముగనే ఆశ్చర్యపడును. అతడు వినలేదు, కావున తెలియలేదు.

నందమూరి తారక రామారావుగారి చరిత్ర ఇందుకు పెద్ద పాఠము. 1984 ఆగస్టులో ఆయనను పదవినుండి తొలగించినపుడు ప్రజలు ఊరూర లేచిరి. నెల తిరుగునప్పటికి ఆయన తిరిగి ముఖ్యమంత్రియయ్యెను. మరుసటి సంవత్సరము ఆయన పక్షము 202 స్థానములు గెలిచెను. అంతటి అభిమానము గల నాయకుడు 1989 ఆరంభమున తన మంత్రులందరిని ఒక్కసారిగా తొలగించెను. ఆ యేడే జరిగిన ఎన్నికలలో ఆయన పక్షము ఓడుటయేగాక, తాను నిలిచిన రెండుచోట్లలో నొకటియగు కల్వకుర్తిలో స్వయముగా ఓడెను. ఓటమికి కారణములు పెక్కులుండవచ్చును. కాని తనతో పనిచేయువారి మాటకు విలువ తగ్గినకొలది నాయకునకు జనుల మాట వినబడు దారి సన్నగిల్లుననుట మాత్రము సత్యము. 1994లో ఆయన మరల ఘనవిజయము పొందెను. 1995 ఆగస్టులో స్వపక్షమువారే ఆయనను దింపిరి.

గోమటేశ్వరుని విగ్రహము క్రీ.శ. పదవ శతాబ్దమున చెక్కించిన చావుండరాయడును మంత్రియే. మస్తకాభిషేకమునాడు ఆయన కడవలకొలది పాలు పోయించినను అవి స్వామి నడుము దాటి దిగలేదని, ఒక పేద ముసలమ్మ గుళ్ళకాయ తొనలో తెచ్చిన చారెడు పాలు పాదములవరకు పారెనని శ్రవణబెళగొళమున చెప్పుకొందురు. ఆ గుళ్ళకాయజ్జి ప్రతిమ నేటికిని స్వామి ఎదుట నున్నది. కట్టించినవానికి ఎదురుగా నిలువ చోటు దొరకలేదు. పాలు తెచ్చిన ముసలమ్మకు దొరకెను. ప్రజాధనముతో కట్టిన కట్టడములపై తమ పేర్లు చెక్కించుకొనువారు ఈ కథను ఒకసారి తలచుకొనదగును.

ఈ చావుండరాయడు కొలిచిన గంగరాజుల వంశమునకు మొదటి నగరము కువలాలము, అనగా నేటి కోలారే. సింహనందియను జైనాచార్యుడు దడిగ మాధవులను ఇరువురు సోదరులకు రాజ్యము కల్పించెనని శివమొగ్గ ప్రాంతమందలి కల్లూరుగుడ్డ శాసనము చెప్పుచున్నది. అది క్రీ.శ. 1121 నాటిది, వంశము పుట్టిన ఎన్నో శతాబ్దములకు వ్రాసినది. కావున దానిని చరిత్రగా గాక సంప్రదాయముగా తీసికొనవలెను. అయినను అందు ఆచార్యుడు రాజ్యముతోపాటు ఇచ్చిన హెచ్చరిక మనసు పెట్టి వినదగినది. ఆడిన మాట తప్పినను, జినశాసనమును విడిచినను, పరస్త్రీల నాశించినను, మధుమాంసముల నంటినను, నీచులతో కూడినను, అడిగినవానికి ఈయకున్నను, యుద్ధమున వెన్నిచ్చినను వంశము నశించునని ఆయన చెప్పెనట. ఏడింటిలో మొదటిది మాట తప్పుట. శత్రువునకు భయపడుట చిట్టచివరిది. రాజ్యములు బయటి శత్రువుచేత కూలుటకు ముందు మాట విలువ పోవుటచేత కూలునని ఆ ఆచార్యుని భావము కావచ్చును. ఈ కోలారు నేలమీద పాలన ప్రారంభమైనదే షరతులతో. పట్టాభిషేకము దానముకాదు, కరారు.

మాట నిలుపుకొనలేనపుడు నాయకుడు చేయవలసినదేమి? దివాలా తీసిన వర్తకునకు రెండు దారులుండును. అంగడి తలుపు మూసి చీకటిలో పారిపోవుట ఒకటి. బాకీదారులను పిలిచి చిట్టా ముందుపెట్టి, ఉన్నది ఇది, లేనిది ఇది యని చెప్పుట రెండవది. రెండవవానికి ఊరు మరల అప్పిచ్చును. నాయకుల చరిత్రలోను ఇది కనబడుచున్నది. 1984 డిసెంబరు లోకసభ ఎన్నికలలో కర్ణాటకమందలి 28 స్థానములలో జనతా పక్షమునకు నాలుగే వచ్చెను. శాసనసభలో అధికారము ఇంకను ఉన్నను, ప్రజల విశ్వాసము తప్పెనని ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డేగారు రాజీనామా చేసి, తిరిగి ఎన్నికలు కోరిరి. 1985 మార్చిలో అదే ప్రజలు ఆయన పక్షమునకు 139 స్థానములిచ్చిరి. ఆయన ఏనుగు దిగెను. ప్రజలు చేయి పట్టి మరల ఎక్కించిరి. కర్ణాటకమున అధికారపక్షము తిరిగి గెలిచిన చివరి ఎన్నిక అదియేయగుట గమనింపదగిన సంగతి. ఆయనయే 1988లో టెలిఫోను సంభాషణలను రహస్యముగా వినిరను ఆరోపణపై పదవి విడువవలసి వచ్చెను. ఒకనాటి పుణ్యము మరియొకనాటి బాకీకి చెల్లదు.

నీలం సంజీవరెడ్డిగారును 1964లో కర్నూలు బస్సు మార్గముల జాతీయీకరణ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పులోని వ్యాఖ్యలు తమపై పడినవని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని విడిచిరి. పదుమూడేండ్లకు, 1977లో, రాష్ట్రపతిగా ఏకగ్రీవముగా ఎన్నికైరి. దిగుట తెలిసినవానికి దిగుట నష్టముకాదు.

ఈ జిల్లాకే చెందిన క్యాసంబళ్ళి వాస్తవ్యులు కె. చెంగలరాయరెడ్డిగారు 1947లో మైసూరు చలో ఉద్యమమును నడిపి, ఆ యేడు అక్టోబరులో మైసూరు రాజ్యమునకు మొదటి ముఖ్యమంత్రియైరి. 1952 ఎన్నికల పిదప పక్షము వేరొకరిని, కెంగల్ హనుమంతయ్యగారిని, నాయకునిగా ఎన్నుకొనెను. రెడ్డిగారు తరువాత కేంద్రమంత్రిగా, మధ్యప్రదేశ్ గవర్నరుగా సేవచేసిరి. హనుమంతయ్యగారు బెంగళూరులో విధానసౌధమును కట్టించిరి. ఇంత ఖర్చేలయని నాడు విమర్శలు చెలరేగెను. 1956లో స్వపక్షమువారి అవిశ్వాసముచేతనే ఆయన పదవి వీడవలసి వచ్చెను. నేడు ఆయన పేరు తలచినవారు మొదట తలచునది ఆ సౌధమునే. నాటి నిందయే నేటి కీర్తికి పునాది అయినది.

కావున నాయకునిపై వచ్చు అప్రీతి యంతయు ఒక జాతిది కాదు. మాట తప్పినందున వచ్చునది యొకటి. అది అతని కర్మఫలము, అతడే అనుభవింపవలెను. చేయవలసిన కఠినకార్యము చేసినందున వచ్చునది మరియొకటి. అది అతనికి భూషణము. ఇక మూడవది కలదు. అది నాయకునిలో గాక ప్రజలలో పుట్టును. దానిని గూర్చి ప్రజలు మాటాడుకొనరు.

ప్రాచీన ఏథెన్సు నగరమున ఎవనినైనను దేశమునుండి వెడలగొట్టవలెనన్నచో అతని పేరును కుండపెంకుపై వ్రాసి వేసెడివారు. ధర్మాత్ముడని పేరుపొందిన అరిస్టైడిసును అట్లు వెడలగొట్టిరి. ఓటువేయునాడు చదువురాని పల్లెటూరివాడొకడు, ఎదుట నున్నవాడెవరో ఎఱుగక, అరిస్టైడిసు పేరు వ్రాసిపెట్టుమని ఆయననే అడిగెనట. అతడు నీకేమి కీడు చేసెనని ప్రశ్నింపగా, ఏమియు చేయలేదు, ఎల్లవేళల ధర్మాత్ముడు ధర్మాత్ముడని వినివిని విసుగెత్తినదని చెప్పెనట. ఆయన మారుమాటాడక తన పేరే వ్రాసి యిచ్చెనని ప్లూటార్కు వ్రాసియుంచెను. విసుగును న్యాయముగా భ్రమించుట మానవస్వభావము.

అంతకన్న లోతైన దోషము వేరొకటి. రోడ్డు బాగుగా నుండవలెను, పన్ను మాత్రము ఈయరాదు. చట్టము అందరికి సమానముగా నుండవలెను, తన ఫైలు మాత్రము ముందు కదలవలెను. లంచము దేశమును పాడుచేయుచున్నది, కాని తన కొడుకు సీటుకై ఎవరినైన పట్టుకొనవలెను. నాయకుని చెడగొట్టువారిలో మొదటివాడు అతని వద్దకు అన్యాయపు కోరికతో పోయి కార్యము సాధించుకొనినవాడు. అతనిని తిట్టువారిలో మొదటివాడు అట్టి కోరికతోనే పోయి సాధించుకొనలేనివాడు. ఇరువురిలో ఎవరు ఎక్కువ సత్యసంధులు?

తత్త్వార్థసూత్రమున అచౌర్యవ్రతమునకు చెప్పబడిన ఐదు అతిచారములలో విరుద్ధరాజ్యాతిక్రమము ఒకటి. రాజ్యము విధించిన కట్టుబాట్లను, ఎల్లలను దాటి లాభము పొందుట అని దాని భావము. తక్కువ తూకము, కల్తీ సరుకు, దొంగసొత్తు కొనుట మొదలగువాని సరసననే దీనిని ఉంచిరి. నంగలి వంటి ఎల్ల ఊరిలో ఈ సూత్రమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోనికి రాకముందు, ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు సరుకు పోవునపుడు పన్ను లెక్కలు వేరు వేరుగా నుండెడివి. బిల్లులో ఒక లెక్క, బండిలో మరియొక లెక్క యుండుట ఎవ్వరికిని తెలియని విద్య కాదు. తనిఖీ నిలుపు చోటు మారినను, విద్య మారలేదు. ప్రభుత్వమునకు రావలసినది దాచినవాడు ప్రభుత్వము ఏమియు చేయుటలేదని చెప్పినపుడు, అతని మాటలో ఒక పాలు తన నిందయే.

జైన వర్తక కుటుంబములలో రాజకీయములకు దూరముగా నుండుట వినయముగా, వివేకముగా భావింపబడుచున్నది. గెలిచినవానికి శాలువ, ఓడినవానికి నమస్కారము, ఇద్దరికి చందా, ఎవరికిని చేదు నిజము చెప్పుట లేదు. ఇది అహింసవలె కనబడును. కాని పరిశీలించినచో ఇందు భయమెంతయో, అహింస అంతలేదు. మిత్రుని దోషమును మిత్రముగా చెప్పక, వెనుక నిందించుట వాక్సంయమము కాదు. శాలువ కప్పినవాడే రెండేండ్ల తరువాత అంగడిలో కూర్చుండి అతనిని దూషించినచో, నాయకుని చుట్టునున్న తీయని మాటల గోడలో ఆ శాలువయు ఒక ఇటుకయే.

మరి శ్రావకుడు నాయకుని ఎట్లు విచారింపవలెను? అనేకాంతము ఇచ్చట ఉపకరించును. అనేకాంతమనగా అందరును మంచివారేయని సరిపెట్టుట కాదు. ఏ దృష్టినుండి చూచి తీర్పు చెప్పుచున్నారో దానిని తెలిసికొనుట. తనకు కష్టము కలిగినదా, ఊరికి కష్టము కలిగినదా? చేయగలిగి చేయలేదా, చేయనలవిగాక చేయలేదా? మాట ఇచ్చినది అతడా, తానే ఊహించుకొన్నదా? ఈ ప్రశ్నలు వేసికొనిన పిదప మిగిలిన అప్రీతి నిజమైనది. దానిని ఓటుద్వారా నిర్భయముగా తెలుపవచ్చును, తెలుపవలెను. ప్రజాస్వామ్యమున పాలకుని రక్తపాతము లేకుండ దింపుట సాధ్యమగుట అహింసకు గొప్ప విజయము. పూర్వము రాజును దింపుటకు యుద్ధము కావలసియుండెను. నేడు వ్రేలిమీద సిరాచుక్క చాలును. కావున ప్రభుత్వములు మారుట చూచి విచారింపనక్కరలేదు. కారణము తెలియకుండ మారుటయే విచారింపదగినది. ఏల మార్చిరో ప్రజలకే తెలియనిచో, క్రొత్తగా వచ్చినవానికి ఏ పాఠమును అందదు. అతడును అదే ఏనుగు నెక్కును.

జైనులకు నిత్యవిధిగా ప్రతిక్రమణము కలదు. దినమునకు, పక్షమునకు, నాలుగు నెలలకు, సంవత్సరమునకు చేసిన తప్పులను తలచి వెనుకకు మరలుట దాని పని. సంవత్సరినాడు పెద్ద చిన్న భేదము లేక చేతులు జోడించి మిచ్ఛామి దుక్కడం అని చెప్పుకొందురు. యజమాని గుమాస్తాకు చెప్పును. అత్త కోడలికి చెప్పును. ఈ యాచారము గద్దెలపై కూర్చున్నవారికిని ఉన్నచో ఎట్లుండెడిదో ఆలోచింపదగును. ఏడాదికొకసారి నాయకుడు ఊరి నడుమ నిలిచి, ఇది చెప్పితిని చేసితిని, ఇది చెప్పితిని చేయలేకపోతిని, ఇది తప్పుచేసితిని అని చెప్పినచో, ప్రజలు తిట్టుదురా? కొందరు తిట్టుదురు. కాని ఐదేండ్ల కోపము ఒక్కనాడు వరదవలె మీదపడదు. ఏడాదికొకసారి లెక్క చూచుకొను అంగడి దివాలా తీయుట అరుదు. లెక్క చూడని అంగడియే ఒకనాడు తలుపు మూయును.

అయితే నాయకుని ప్రతిక్రమణము కోరు శ్రావకునకు తన ప్రతిక్రమణము మాఫీ కాదు. దీపావళికి క్రొత్త ఖాతాపుస్తకము పూజచేసి తెరచునపుడు, వ్యాపారపు జమాఖర్చులతోపాటు మరియొక పుటను వ్రాసికొనదగును. ఈ యేడు ఎవరికి ఓటు ఇచ్చితిమి, ఏ కోరికతో ఇచ్చితిమి? ఆ కోరిక న్యాయమైనదా? ఎదుట ఏమి చెప్పితిమి, వెనుక ఏమి చెప్పితిమి? రాజ్యమునకు ఈయవలసినది ఇచ్చితిమా? ఆ పుటలో బాకీ తేలినవాడు ముందుగా ఆ బాకీ తీర్చి, పిదప నాయకుని లెక్క అడుగవలెను. అట్టివాడు అడిగిన లెక్కకు నాయకుడు సమాధానము చెప్పక తప్పదు.

బ్రాహ్మీ సుందరులు అన్నపై కోపముతో రాలేదు. ఊరిలో నిందించి రాలేదు. అడవికి నడచిపోయి, ఎదుట నిలిచి, ఉన్నమాట చెప్పిరి. బాహుబలి వినెను. చెప్పువారికి ప్రేమయు, వినువానికి చెవియు ఉన్నచోట నాయకునకును ప్రజలకును నడుమ ఎడము పెరుగదు. ఎడము పెరిగినచోట ఈ రెండింటిలో ఏది లోపించెనో ముందు తన ఇంటిలో, పిదప రాజధానిలో వెదకుట శ్రావకధర్మము.